వీల్‌చైర్ ఉందండీ అన్నారు... మరి బాత్రూమ్ తలుపు?

పక్క ఊరి నుంచి పెళ్ళి పిలుపు వచ్చిందనుకోండి. ఇంట్లో చక్రాల కుర్చీలో కూర్చునే మనిషి ఒకరున్నారనుకోండి. అలాంటి ఇంట్లో మొదటి ప్రశ్న చీరల గురించి రాదు, చదివింపుల గురించీ రాదు. "మరి ఇంట్లో ఎవరుంటారు?" అనే వస్తుంది. జవాబు అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఆ మనిషి ఉండిపోతారు. ఆ మనిషికి తోడుగా ఒక ఆడమనిషి ఉండిపోతుంది. కోడలో, కూతురో, భార్యో, తల్లో. ఇంతవరకూ "నేనుంటాలే, మీరందరూ వెళ్ళి రండి" అన్న అల్లుణ్ణి నేను మా చుట్టాల్లో చూడలేదు. మీ చుట్టాల్లో ఉంటే ఆయనకు నా నమస్కారాలు.

హోటళ్ళలో వీల్‌చైర్ సౌకర్యం అనగానే అది వికలాంగుల సమస్య, వాళ్ళ సంఘాలు చూసుకుంటాయి అనుకుంటాం. నేనేమంటానంటే, అది మన సమస్య కూడా. ఊళ్ళో ఒక హోటల్ బాత్రూమ్ తలుపు ఇరుకుగా ఉంటే ఇంట్లో ఇద్దరు ఆగిపోతారు. రెండో మనిషి ఎప్పుడూ ఆడదే.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లమంది అని తేలింది. మోకాళ్ళు అరిగిపోయి నాలుగు మెట్లెక్కలేని మన అమ్మలూ, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మన మామగార్లూ తమను వికలాంగులమని రాయించుకోరు. "పెద్దతనం కదమ్మా" అనేస్తారు. హోటల్ మెట్ల ముందు మాత్రం అందరిదీ ఒకే అవస్థ.

మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఐదేళ్ళయింది. చెయ్యి కొంత తేరుకుంది, కాలు తేరుకోలేదు. మనిషి మాత్రం ఎప్పటిలాగే హుషారు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి విజయవాడలో కుదిరినప్పుడు, నేను లేకుండా ముహూర్తం ఎలా పెడతారని ఆవిడే అన్నారు. సరే, రెండు రాత్రులు ఉండేలా మావారు ఒక పేరున్న హోటల్‌కి ఫోన్ చేశారు. "వీల్‌చైర్‌లో ఉండే పెద్దావిడ వస్తున్నారు, సౌకర్యం ఉందా?" అని అడిగారు. "ఉందండీ, తప్పకుండా ఉంది" అన్నారు అవతలి నుంచి.

వెళ్ళాక తెలిసింది ఆ ఉన్నదేమిటో. రిసెప్షన్ పక్కన మడిచి పెట్టిన ఒక చక్రాల కుర్చీ! మేం అడిగింది చక్రాల కుర్చీ పట్టే హోటల్ ఉందా అని. వాళ్ళు చెప్పింది హోటల్లో చక్రాల కుర్చీ ఉంది అని. పాపం అబద్ధం చెప్పలేదు. వాళ్ళ దృష్టిలో సౌకర్యమంటే అదే. మా దగ్గర కుర్చీ ఎలాగూ ఉంది. లేనిది దారి.

ముందర నాలుగు పాలరాతి మెట్లు. పక్కన ర్యాంప్ ఉంది కానీ అది సామాన్ల బండి కోసం కట్టింది, జారుడుబండలా నిటారుగా ఉంది. గది మాత్రం బాగుంది. ఏసీ, పెద్ద టీవీ, పండ్ల బుట్ట. బాత్రూమ్ తలుపు రెండడుగులు. అంటే 24 అంగుళాలు. అత్తయ్యగారి కుర్చీ చక్రాల అంచు నుంచి అంచుకి 26. దానికి తోడు గుమ్మంలో నాలుగు అంగుళాల గట్టు. లోపల పట్టుకోవడానికి తువ్వాలు ఆరేసే సన్నని రాడ్ తప్ప ఇంకేం లేదు. మనిషి బరువు పడితే అది గోడలోంచి ఊడి చేతికొస్తుంది.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ మంచినీళ్ళు తాగడం మానేశారు. కాఫీ వద్దన్నారు, మజ్జిగ వద్దన్నారు. "దాహంగా లేదమ్మాయ్" అన్నారు. బెజవాడ ఎండల్లో దాహం లేకపోవడమేమిటో నాకు అర్థమైంది, మీకూ అర్థమయ్యే ఉంటుంది. బాత్రూమ్ లేని చోట ఆడవాళ్ళు చేసే పని అదే కదా. బస్సు ప్రయాణాల్లో మనమందరం చేసిందే. మనకది ఒక పూట. కుర్చీలో ఉన్నవాళ్ళకి ఇల్లు దాటిన ప్రతిసారీ అంతే. తలంబ్రాలు అవగానే ఆ రాత్రికి రాత్రే కారెక్కి వచ్చేశాం. అప్పగింతలు ఆవిడ ఫోన్‌లో చూశారు.

హోటల్ కుర్రాళ్ళను నేనేమీ అనను. చాలా మంచి పిల్లలు. "మేం ఎత్తుకుంటాం మేడమ్, మీరేం టెన్షన్ పడకండి" అని నలుగురు పరిగెత్తుకొచ్చారు. నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అక్కడే ఉంది. ఎత్తుకోవడం అనేది ఎత్తేవాళ్ళకి సాయం. ఎత్తించుకునే మనిషికి ఏమిటో ఎవరైనా అడిగారా? డెబ్భై రెండేళ్ళ మనిషి. పట్టుచీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని పెళ్ళికొచ్చిన మనిషి. ముక్కూ మొహం తెలియని మగపిల్లలు చంకల కింద చేతులు వేసి, కాళ్ళు పట్టుకుని లేపితే, కుచ్చిళ్ళు ఒకవైపు, పైట ఒకవైపు. వరండాలో వియ్యాలవారు నిలబడి "అయ్యో పాపం" అంటూ చూస్తున్నారు. అత్తయ్యగారు నవ్వుతూనే ఉన్నారు. నాకు ఆవిడ నవ్వులు తెలుసు, అది నవ్వు కాదు.

పన్నెండడుగుల ర్యాంప్ ఉంటే ఆ నలుగురూ అక్కర్లేదు. లెక్క చాలా తేలిక. ఒక్క అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు వాలు ఉండాలి. ముందర మెట్లన్నీ కలిపి అడుగు ఎత్తు ఉంటే, పన్నెండడుగుల వాలు కావాలి. అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీలోని మనిషి తనంతట తాను ఎక్కలేదు, వెనక నుంచి తోసే కోడలి నడుమూ మిగలదు.

అలాగే కుర్చీ చుట్టూ తిరగడానికి గదిలోనూ, బాత్రూమ్‌లోనూ ఐదడుగుల ఖాళీ జాగా కావాలి. కమోడ్ పక్కన గోడకి గట్టిగా బిగించిన కడ్డీలు కావాలి. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల మనిషి పడిపోయినప్పుడు ఆ మనిషే తలుపుకి అడ్డమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి ఈ భయం వివరించక్కర్లేదు.

ఎవరూ మాట్లాడని విషయం ఇంకోటి ఉంది, మంచం ఎత్తు. ఈమధ్య హోటళ్ళు దర్జా కోసం పరుపు మీద పరుపు వేసి మంచాన్ని రెండున్నర అడుగులు చేస్తున్నాయి. చక్రాల కుర్చీ సీటు ఎత్తు సుమారు అడుగున్నర. కుర్చీలోంచి మంచం మీదికి జరగాలంటే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే మళ్ళీ ఎత్తడమే. ఇక తోడు వచ్చిన మనిషికి కింద ఎక్స్‌ట్రా బెడ్ వేస్తారు చూడండి, అది సరిగ్గా కుర్చీ తిరగాల్సిన ఆ ఐదడుగుల జాగాలోనే వేస్తారు. తోడుండే మనిషి గురించి ఆలోచించిన హోటల్ ఎక్కడైనా ఉంటే, అక్కడ రెండు విడి మంచాలుంటాయి.

ఇవన్నీ నేను ఇంట్లో కూర్చుని కల్పించిన గొంతెమ్మ కోరికలు కావు. కేంద్ర పర్యాటక శాఖ హోటళ్ళకి స్టార్లు ఇచ్చే నిబంధనల్లోనే ఉన్నాయి. వికలాంగులైన అతిథుల కోసం కేటాయించే గదికీ, దాని బాత్రూమ్‌కీ తలుపు కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలి. అంటే 39 అంగుళాల పైమాట. బాత్రూమ్‌కి పక్కకు జరిగే తలుపు, అందే ఎత్తులో వాష్ బేసిన్, పట్టుకునే కడ్డీలు ఉండాలి. తలుపుకుండే చూసే కన్నం కూడా కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి అందే ఎత్తులో ఉండాలట. ఇంత చక్కగా ఆలోచించి రాశారు. మరి అలాంటి గది ఉన్న హోటల్లో కూడా మనం అడిగేసరికి "ఆ రూమ్ వేరేవాళ్ళకి ఇచ్చేశామండీ" అంటే, కాగితం మీది తలుపులోంచి కుర్చీ ఎలా వెళ్తుంది?

చట్టమూ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సర్కారువే కాదు, జనం వాడుకునే ప్రైవేటు భవనాలు కూడా అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. అందుకు తగ్గట్టు ప్లాను లేకపోతే కట్టడానికి అనుమతే ఇవ్వకూడదంటుంది. అంతకుముందే, 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ అభియాన్ మొదలైంది. ఆ నెలలోనే వికలాంగులు అనే మాట బదులు దివ్యాంగులు అందామని ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. మాట మారింది. చాలాచోట్ల బాత్రూమ్ తలుపు మారలేదు. "దివ్య" అన్నాక మెట్లు గాల్లో ఎగిరి ఎక్కేస్తారనుకున్నారో ఏమో!

ఇందులో మన హైదరాబాద్‌కి ఒక పాత్ర ఉంది. రాజీవ్ రతూరి అని చూపు లేని ఒకాయన, అందరికీ అందుబాటులో ఉండే రోడ్లూ భవనాలూ కావాలని 2005లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసులోనే, పరిస్థితి ఎలా ఉందో చూసి నివేదిక ఇమ్మని మన నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికి కోర్టు అప్పగించింది. చివరికి 2024 నవంబరు 8న తీర్పొచ్చింది. చట్టంలో "తప్పనిసరి" అని ఉంది. కింద రాసిన నిబంధనలేమో "చేస్తే మంచిది" అన్న ధోరణిలో ఉన్నాయి. ఇది చెల్లదు, తప్పక పాటించాల్సిన కనీస నిబంధనలు మూడు నెలల్లో విడిగా తయారుచేయండి అని కోర్టు కేంద్రానికి చెప్పింది. కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలు తీర్పు వచ్చేసరికి డిగ్రీ చదువుతున్నారు.

"చేస్తే మంచిది" అన్న మాట ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు కదండీ. "వంటింట్లో కాస్త సాయం చేస్తే మంచిది" అని మగవాళ్ళకి ఎన్ని తరాలుగా చెబుతున్నాం? చేస్తే మంచిది అన్నది ఎవరూ చెయ్యరు. చెయ్యకపోతే కుదరదు అన్నదే జరుగుతుంది.

మీలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు చూసే ఉంటారు, అక్కడ హోటల్ గది బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్‌కి వీలైన గది విడిగా కనిపిస్తుంది. కుర్చీతో నేరుగా షవర్ కిందికి వెళ్ళే బాత్రూమ్ ఉందా లేదా అన్నది కూడా రాసి ఉంటుంది. 1990 జులైలో అక్కడ వచ్చిన చట్టం, దాని కింద తర్వాత రాసిన నిబంధనలూ ఇందుకు కారణం. హోటల్ ఆ గది వివరాలు చెప్పి తీరాలి. అలాంటి మిగతా గదులన్నీ నిండేవరకూ దాన్ని వేరేవాళ్ళకి ఇవ్వకూడదు. బుక్ చేసుకున్నాక అదే గది ఇవ్వాలి. వినడానికి ఎంత చిన్న విషయాలు! కానీ "ఇచ్చేశామండీ" అన్న మాటకి అక్కడ చోటు లేదు.

అక్కడివాళ్ళు మనకంటే దయగలవాళ్ళని చెప్పడం లేదు. ఆ చట్టం కోసం 1990 మార్చిలో వికలాంగులు తమ కుర్చీలూ చేతికర్రలూ కింద వదిలేసి, వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పాప కూడా ఉంది. దయ మనకే ఎక్కువ. మనకు నలుగురు కుర్రాళ్ళు పరిగెత్తుకొస్తారు. ఆ దయ ఉండటం వల్లే ర్యాంప్ కట్టాలన్న ఆలోచన రావడం లేదేమోనని నా అనుమానం.

మా స్నేహితురాలి కూతురు బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. చిన్నప్పటి నుంచీ వీల్‌చైర్‌లోనే. ట్రైనింగ్ అని హైదరాబాద్ పంపిస్తే, హోటల్లో బాత్రూమ్ సమస్యకి అమ్మను వెంట తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ ఆఫీసరమ్మ. "తోటివాళ్ళందరూ ఒక్కళ్ళే వచ్చారాంటీ. సాయం చేసేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. నాకు కావలసింది నేనొక్కదాన్నే వెళ్ళగలిగే తలుపు" అంది. ఆ అమ్మాయి మాట విన్నాక నాకు ఒకటి బాగా అర్థమైంది. మనం "తోడు" అనుకుంటున్నది చాలాసార్లు ఆ తలుపు చెయ్యని పని. అది అమ్మలు చేస్తున్నారు, ఊరికే చేస్తున్నారు.

హోటల్ యజమానులు చెప్పేది కూడా వినాలి. "ఏడాదికి అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారమ్మా? ఒక గది ఖాళీగా ఉంచితే మాకు నష్టం" అంటారు. అలాంటి గది లేదు కాబట్టి రావడం లేదు, రావడం లేదు కాబట్టి గది కట్టడం లేదు. ఇక నష్టం సంగతి. పెద్ద బాత్రూమ్, పట్టుకునే కడ్డీలు, తక్కువ ఎత్తు మంచం ఉన్న గదిలో మామూలు మనుషులు దిగకూడదని ఎవరన్నారు? మోకాళ్ళ ఆపరేషనైన వాళ్ళు, నిండు గర్భిణులు, చంటిపిల్లల తల్లులు సంతోషంగా దిగుతారు. ర్యాంప్ మాటకొస్తే, చక్రాల సూట్‌కేసు లేని ప్రయాణికుడు ఈ రోజుల్లో ఎవరండీ?

పాత లాడ్జిలవాళ్ళ ఇబ్బంది నిజమైనదే. స్తంభాలు కదపలేరు, సందులో కట్టుకున్న భవనానికి పన్నెండడుగుల వాలు ఎక్కణ్ణుంచి తెస్తారు? జిల్లాల నుంచి ఆస్పత్రి పనుల మీద హైదరాబాద్ వచ్చేవాళ్ళు దిగేది అలాంటి లాడ్జిల్లోనే. మొత్తం పడగొట్టమని ఎవరూ అనడం లేదు. కింది అంతస్తులో ఒక్క గది చూసుకోండి. బాత్రూమ్ తలుపు వెడల్పు చేసి బయటికి తెరుచుకునేలా పెట్టండి. గట్టు తీసేసి చిన్న వాలు వెయ్యండి. గోడకి రెండు కడ్డీలు బిగించండి. ఒక హ్యాండ్ షవర్, కూర్చుని స్నానం చెయ్యడానికి కాళ్ళు జారని ఒక కుర్చీ పెట్టండి. లాబీలో వేలాడదీసే దీపాల గుత్తి కంటే ఇది ఖరీదైనదా? ఇక కొత్తగా కట్టేవాళ్ళకి సాకే లేదు. తలుపు అడుగు వెడల్పు పెంచితే ఇటుకలు తగ్గుతాయి కానీ పెరగవు.

మరి మనమేం చెయ్యగలం? చాలా చెయ్యగలం. ఫోన్లో "వీల్‌చైర్ సౌకర్యం ఉందా?" అని అడిగితే "ఉందండీ" అనే వస్తుంది. అలా కాకుండా అంగుళాల్లో అడగండి. బాత్రూమ్ తలుపు తెరిచాక ఖాళీ ఎన్ని అంగుళాలు? గుమ్మంలో గట్టు ఉందా? రోడ్డు మీంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు? లిఫ్ట్ తలుపు ఎంత? మంచం ఎత్తెంత? కమోడ్ పక్కన కడ్డీ ఉందా? బయల్దేరే ముందు మీ కుర్చీ వెడల్పు, చక్రాల బయటి అంచు నుంచి అంచుకి కొలిచి రాసిపెట్టుకోండి. బ్లౌజులు కుట్టే టేపు చాలు. రిసెప్షన్‌లో అబ్బాయికి తెలియదంటే, టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. మొదట విసుక్కుంటాడు. పదిమంది అడిగాక ఆ కొలతలు కౌంటర్ దగ్గర రాసి పెట్టుకుంటాడు. వచ్చాక రివ్యూలో టిఫిన్ బాగుందని రాసినట్టే, తలుపు 24 అంగుళాలే అని కూడా రాయండి. ఆ ఒక్క వాక్యం ఎవరో ఒక కోడలికి రెండు వందల మైళ్ళ ప్రయాణం మిగులుస్తుంది.

అన్నిటికంటే పెద్ద బలం మన చేతిలో ఇంకోటుంది. మగపెళ్ళివారికి విడిది ఎక్కడ ఇవ్వాలో ఇళ్ళల్లో తేల్చేది ఎవరు? మనమే. ఇరవై గదులు ఒక్కసారి బుక్ చేసే బేరం మనది. గదులు చూడ్డానికి వెళ్ళినప్పుడు కర్టెన్లూ దుప్పట్లూ చూసినట్టే, టేపు తీసి ఒక బాత్రూమ్ తలుపు కొలవండి. మీ ఇంట్లో కుర్చీలో ఉండే మనిషి లేకపోయినా కొలవండి, వియ్యాలవారి వైపు ఉండొచ్చు. సరిపోకపోతే మర్యాదగానే చెప్పండి: "బాబూ, హోటల్ బాగుంది, భోజనం బాగుంది. ఈ ఒక్క తలుపు వల్ల ఇరవై గదులూ పక్క హోటల్‌కి వెళ్తున్నాయి." చట్టం చెప్పింది ఇన్నాళ్ళూ వినిపించుకోని మేనేజర్‌కి ఆ మాట బాగా వినిపిస్తుంది.